ముందు పోస్టు డబ్బా మీద పేరు అంటించండి

జర్మనీకి చదువుకోవడానికి వెళ్లినవాళ్లు, వెళ్లబోతున్నవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు రాసిన ఉత్తరాల్లోంచి కొన్ని ఈ నెల. జవాబులు ఇస్తున్నది 2011లో ఎమ్మెస్ కోసం అక్కడికి వెళ్లి, ఉద్యోగం దొరికి, అక్కడే ఉండిపోయిన మన పాఠకురాలు. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: అక్కా, నేను అక్టోబర్ 1న మాగ్డెబర్గ్‌లో దిగాను, ఇవాళ్టికి ఐదు రోజులు. మా కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చిన లిస్టులో మొదటి వారంలోనే సిటీ రిజిస్ట్రేషన్, బ్యాంకు అకౌంట్, వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచిన బ్లాక్డ్ అకౌంట్ యాక్టివేషన్, రెసిడెన్స్ పర్మిట్ అన్నీ అయిపోవాలని ఉంది. నాకు ఒక్కటీ కాలేదు. రిజిస్ట్రేషన్‌కి అపాయింట్‌మెంట్ 24వ తేదీకి దొరికింది, రెండు వారాల్లో చేసుకోకపోతే ఫైన్ అంటున్నారు. ప్రస్తుతం ఒక సీనియర్ రూములో నేల మీద పడుకుంటున్నాను, ఆయన అడ్రస్ కాగితం ఇవ్వడం కుదరదన్నాడు. 200 యూరోలు ఇస్తే అడ్రస్ ఇచ్చేవాళ్లు ఉన్నారని ఇంకొకరు చెప్పారు. దీనికితోడు యూనివర్సిటీ పాసు, అదే సెమిస్టర్ టికెట్, ఉంది కదా అని లైప్జిగ్ వెళ్లే ఫాస్ట్ రైలెక్కితే టీసీ దింపేసి ఫైన్ రాశాడు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. తప్పు దేశానికి వచ్చానా?
– మెకానికల్ విద్యార్థి, మాగ్డెబర్గ్ (సొంత ఊరు ఖమ్మం)

జవాబు: తమ్ముడూ, ఐదు రోజుల్లో నీకు ఏ పనీ కాలేదంటే అది నీ చేతకానితనం కాదు. ఇక్కడ ఐదు రోజుల్లో ఎవరికీ ఏ పనీ కాదు. ఆ లిస్టు రాసినవాళ్లు ఎప్పుడూ ఇక్కడి ఆఫీసు కుర్చీలో టోకెన్ పట్టుకుని కూర్చుని ఉండరు.

నా సంగతి చెప్తా విను. నేను దిగింది 2011 అక్టోబర్ 1, శనివారం, రాత్రి పదిన్నరకి. మర్నాడు ఆదివారం, కొట్లన్నీ మూత. సరే సోమవారం చూసుకుందాంలే అనుకుంటే ఆ సోమవారం అక్టోబర్ 3, రెండు జర్మనీలూ కలిసిన రోజు, దేశమంతా సెలవు, మళ్లీ మూత. దసరా వారం అది, ఇంట్లో అందరూ ఫోన్లో పిండివంటల గురించి చెప్తుంటే నేను జంతికలు, వేరుశెనగ ఉండలు, కుళాయి నీళ్లతో రెండు పూర్తి రోజులు గడిపాను, తిన్నావా అని అమ్మ అడిగితే తిన్నానని చెప్పాను. రైల్వే స్టేషన్లో ఉండే కొట్లు ఆదివారం కూడా తెరుస్తారని నాకు మూడో వారానికి గానీ తెలియలేదు. స్టేషన్ నా రూముకి పది నిమిషాల నడక.

ఇక అసలు విషయం. నీ లిస్టులో నాలుగు పనులు కనిపిస్తున్నాయి గానీ నిజానికి ముడి ఒక్కటే, అది విప్పితే మిగతావి వాటంతటవే వస్తాయి. ఆ ముడి ఇల్లిచ్చినవాళ్ల సంతకం. వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అంటారు, పేరు చూసి హడలిపోకు, 'ఫలానా అబ్బాయి ఫలానా తేదీ నుంచి నా ఇంట్లో ఉంటున్నాడు' అని రాసి సంతకం పెట్టే ఒంటిపేజీ కాగితం, అంతే. ఇది ఉంటేనే సిటీ రిజిస్ట్రేషన్. రిజిస్ట్రేషన్ అయితేనే పదకొండు అంకెల ట్యాక్స్ నంబర్ పోస్టులో వస్తుంది, రెసిడెన్స్ పర్మిట్ ఫైలు కదులుతుంది, కొన్ని బ్యాంకులైతే ఈ సర్టిఫికెట్ లేనిదే అకౌంట్ కూడా తెరవవు. ఆ అకౌంట్ నంబర్ ఇస్తేనే నీ బ్లాక్డ్ అకౌంట్‌లోని 11,904 యూరోలు నెలకు 992 చొప్పున విడుదల అవుతాయి. కాబట్టి ఈ వారం నీకున్నది ఒక్కటే పని, ఆ కాగితం ఇచ్చే రూము వెతుక్కోవడం.

రెండు వారాల గడువు గురించి. అది నువ్వు విమానం దిగిన రోజు నుంచి కాదు, ఇంట్లో చేరిన రోజు నుంచి లెక్క. అపాయింట్‌మెంట్లు దొరకవని ఆఫీసు వాళ్లకీ తెలుసు. బుకింగ్ మెయిల్ ప్రింటు తీసి దాచుకో, వెళ్లిన రోజు పట్టుకెళ్లు. ఇలా ఆలస్యమైన వాళ్లలో జరిమానా కట్టినవాళ్లు నాకు తెలిసినంతలో ఒక్కరూ లేరు. ఇంకో కిటుకు, పొద్దున ఆఫీసు తెరిచే వేళకి ఆ పేజీ తెరిచి చూస్తూ ఉండు, ఎవరో రద్దు చేసుకున్న టైమ్ ఒక్కోసారి అప్పుడు పడుతుంది.

కానీ ఆ 200 యూరోల అడ్రస్ జోలికి మాత్రం చచ్చినా పోకు. ఉండని ఇంట్లో ఉంటున్నట్టు కాగితం ఇవ్వడం ఇక్కడ చట్టవిరుద్ధం, ఇచ్చినవాళ్లకి 50,000 యూరోల దాకా జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది. అదీగాక నీ ట్యాక్స్ నంబర్, ఇన్సూరెన్స్ కార్డు, బ్యాంకు పిన్ అన్నీ ఆ ముక్కూమొహం తెలియనివాడి పోస్టు డబ్బాలోకి పోతాయి. వాడు ఫోన్ ఎత్తకపోతే నీ గతేంటి? సీనియర్ మీద కోపం తెచ్చుకోకు, అతని అద్దె ఒప్పందంలో ఒక్కరే ఉండాలని ఉండొచ్చు. ఓనర్ ఒప్పుకుంటే మాత్రం అద్దెకున్న అతనే నీకు సంతకం పెట్టొచ్చు, ఆ ముక్క అతనికి తెలియకపోయి ఉండొచ్చు కూడా, ఒకసారి ఓనర్‌ని అడగమను. యూనివర్సిటీ హాస్టళ్లకి దరఖాస్తు పెట్టకపోతే ఇవాళే పెట్టు. రూము చూపించకుండా 'ప్రస్తుతం వేరే దేశంలో ఉన్నాను, అడ్వాన్స్ పంపితే తాళం పోస్టులో పంపుతా' అనే మెయిల్ వస్తే అది వంద శాతం మోసం, జవాబు కూడా ఇవ్వొద్దు.

రూము దొరికిన రోజు చేయాల్సిన మొదటి పని ఏంటో తెలుసా? సామాను సర్దడం కాదు. కింద గుమ్మం దగ్గర పోస్టు డబ్బా మీద, కాలింగ్ బెల్ మీద నీ పేరు అంటించడం. ఇక్కడ పోస్ట్‌మ్యాన్ ఫ్లాట్ నంబర్ చూడడు, అసలు చాలా ఇళ్లకి ఫ్లాట్ నంబరే ఉండదు, పేరే అడ్రసు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. మన వాళ్లకి ఇందులో ఇంకో తంటా ఉంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉంటుంది, మనల్ని ఎవరూ దాంతో పిలవరు కాబట్టి అలవాటుగా సొంత పేరు రాసి అంటిస్తాం, ఉత్తరమేమో ఇంటిపేరు మీద వస్తుంది. నా బ్యాంకు కార్డు రెండుసార్లు తిరిగిపోయింది ఇందుకే, మూడోసారి కిందింటి ముసలావిడ, ఆ పొడుగు పేరు నీదేనా అని తలుపు కొట్టి మరీ ఇచ్చింది. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలా, ఇంటిపేరు పెద్దక్షరాల్లో, అంటించు. ప్లాస్టర్ ముక్క మీద పెన్నుతో రాసినా చాలు.

రైలు సంగతి. సెమిస్టర్ టికెట్‌తో ఊళ్లో ట్రాములు, బస్సులు, ప్రాంతీయ రైళ్లు ఎక్కొచ్చు, ఐసీఈ, ఐసీ అని రాసి ఉన్న దూరప్రాంతపు ఫాస్ట్ రైళ్లు ఎక్కకూడదు. ఆర్‌ఈ, ఆర్‌బీ, ఎస్ అని ఉంటే ధైర్యంగా ఎక్కు. కట్టిన ఫైన్ కట్టావు, వదిలెయ్. వచ్చిన కొత్తలో ఆ తప్పు చేయని మనవాడు అరుదు, చెప్పుకోరంతే.

తప్పు దేశానికి వచ్చావా లేదా అన్నది ఐదో రోజున, నేల మీద పడుకుని, నిద్ర లేకుండా తేల్చుకునే విషయం కాదు. ఈ జవాబు అచ్చయ్యేసరికి నీ అపాయింట్‌మెంట్ అయిపోయే ఉంటుంది, ఏమైందో నాలుగు ముక్కలు రాసి పంపు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి వెళ్లి వారం అయింది. వెళ్లేటప్పుడు నవ్వుతూనే వెళ్లాడు. ఇప్పుడు వీడియో కాల్‌లో మొహం పీక్కుపోయి ఉంది, మూడో రోజు ఫోన్‌లో ఏడ్చాడు. నేను తెల్లవారుజామున ఆరింటికి లేవగానే చేస్తాను, ఒక్కోసారి ఎత్తడు, ఎత్తితే విసుక్కుంటాడు. వాళ్ల నాన్న వాడికి అలవాటవుతుందిలే అంటారు. వెనక్కి వచ్చెయ్యమని చెప్పేద్దామా?
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: వదినా అని పిలవనా? మీ ఉత్తరం చదివితే నాకు మా అమ్మే గుర్తొచ్చింది. ముందు గడియారం చూద్దాం. మీకు పొద్దున ఆరు అంటే వాడికి అర్ధరాత్రి దాటి రెండున్నర. ఎత్తకపోవడం, విసుక్కోవడం అందుకే తప్ప మీ మీద ప్రేమ తగ్గి కాదు. ప్రస్తుతం మనం మూడున్నర గంటలు ముందున్నాం, అక్టోబర్ చివరి ఆదివారం నుంచి ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు నాలుగున్నర గంటలు అవుతుంది, మార్చి చివరి ఆదివారం దాకా. మీరు రాత్రి తొమ్మిదిన్నరకి, భోజనాలై వంటిల్లు సర్దుకున్నాక చేస్తే వాడికి సాయంత్రం ఆరు, కూర తరుగుతూ మాట్లాడతాడు. ఫోన్ అక్కడ గోడకి ఆనించి పెట్టమనండి, పప్పు ఎంతసేపు ఉడకాలో మీరు చెప్పండి. మాట్లాడటానికి ఏమీ లేనప్పుడు కూడా పప్పు ఉంటుంది కదా.

ఏడ్చాడని బెంగపడకండి. మూడో రోజు, నాలుగో రోజు దాదాపు అందరూ ఏడుస్తారు, మీ వాడు మీకు ఫోన్ చేసి ఏడ్చాడు, అది మంచిదే. మొదటి రెండు రోజులు కొత్త ఊరి హడావిడి ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. ఇక్కడి నిశ్శబ్దం మనకి తెలిసిన నిశ్శబ్దం కాదు వదినా, వీధిలో హారన్ ఉండదు, పక్కింటి టీవీ వినపడదు, కుక్క కూడా మొరగదు. ఆదివారం మధ్యాహ్నం మరీ. ఆ మధ్యాహ్నం వాడు ఎక్కడున్నాడో అడగండి, రూములోనే ఉన్నానంటే ఎవరితోనైనా కలిసి బయట నడవమని చెప్పండి, అంతకంటే పెద్ద సలహా లేదు.

వెనక్కి వచ్చెయ్యమని మాత్రం మీ నోట రానివ్వకండి, అలాగని 'లక్షలు పోసి పంపాం, ఎలాగైనా ఉండు' అని వాళ్ల నాన్న చేత కూడా అనిపించకండి, రెండోది మొదటిదాని కన్నా ప్రమాదం. ఆ మాట విన్న పిల్లలు తర్వాత కష్టం వస్తే ఇంట్లో చెప్పరు. ఇంకో మూడు వారాలకి కూడా తిండి సరిగా తినక, నిద్రపోక, క్లాసుకి వెళ్లకుండా పడుకునే ఉంటున్నాడంటే అప్పుడు వేరే సంగతి, యూనివర్సిటీ విద్యార్థుల కోసం కౌన్సెలింగ్ ఉంటుంది, అక్కడికి వెళ్లమనండి, సిగ్గుపడే పని కాదు. అర్జంటుగా ఒంట్లో బాగోకపోతే 112. ప్రాణం మీదికి రాలేదు గానీ రాత్రిపూట డాక్టర్ కావాలి అంటే 116117. ఈ రెండు నంబర్లు మీ ఫ్రిజ్ మీద కూడా అంటించుకోండి, వాడు కంగారులో మర్చిపోయినా మీరు గుర్తు చేయొచ్చు.

ప్రశ్న: అక్కా, నాకు సమ్మర్ సెమిస్టర్‌లో సీటు వచ్చింది, మార్చిలో బయల్దేరాలి. మా ఇంట్లో ఇప్పటికే లగేజీ మీద యుద్ధం మొదలైంది. అమ్మ ఐదు కేజీల పచ్చళ్లు, రెండు కేజీల నెయ్యి, కుక్కర్, కరివేపాకు అంటోంది. ఏం తీసుకెళ్లొచ్చు, ఏం వద్దు?
– కరీంనగర్

జవాబు: చెల్లీ, అమ్మకి ముందు చేదు వార్త చెప్పు, నెయ్యి కుదరదు. యూరప్ దేశాల్లోకి బయటి నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేకూడదు, ఇంట్లో చేసిందైనా సరే. అంటే నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి, మటన్ పచ్చడి అన్నీ ఔట్. కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే మన కళ్ల ముందే చెత్తడబ్బాలో పడేస్తారు. నా తర్వాత ఏడాది వచ్చిన ఒకమ్మాయి నాటుకోడి పచ్చడి సీసా అలా పోయింది, ఇప్పటికీ దాని గురించి చెప్తూ ఉంటుంది, డిగ్రీ పోయినా అంత బాధపడదేమో. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా తేకూడదు, ఎండబెట్టి పొడి కొట్టించు. ఆవకాయ, గోంగూర, మాగాయ హాయిగా తెచ్చుకో, కానీ నూనె కారకుండా పట్టించే బాధ్యత నీది, నా సర్టిఫికెట్ల ఫోల్డర్ మీద ఇప్పటికీ ఆవకాయ మరక ఉంది. నెయ్యి బదులు ఇక్కడ ఏ సూపర్ మార్కెట్లోనైనా బుటర్‌ష్మాల్ట్స్ అని దొరుకుతుంది, కాచిన వెన్నే, వేడి అన్నంలో వేసుకుంటే తేడా కనిపెట్టడం కష్టం.

కుక్కర్ తీసుకెళ్లు. అయితే అడుగు చదునుగా ఉన్న స్టీలుది, ఇండక్షన్ మీద కూడా పనిచేసేది. ఇక్కడ పొయ్యిలు చాలావరకు గాజు పలకలు, గుండ్రటి అడుగు ఉన్న పాత అల్యూమినియం కుక్కర్ వాటి మీద ఊగుతుంది, ఇండక్షన్ అయితే అసలు వేడెక్కదు. అదనంగా రెండు రబ్బర్లు, ఒక సేఫ్టీ వాల్వ్ పెట్టుకో, అవి ఇక్కడ దొరకడం కష్టం. కరెంటు మనలాగే 230 వోల్టులు, రెండు పిన్నుల ఫోన్ చార్జర్ మామూలుగా పడుతుంది, మూడు పిన్నులది పట్టదు, ఒక అడాప్టర్ చాలు.

స్వెట్టర్లు నాలుగు కొనకు. ఒకటి వేసుకుని రా, చలి కోటు ఇక్కడ కొనుక్కో, మన దగ్గర అమ్మేవి ఇక్కడి గాలికి ఆగవు. అదనపు కళ్లజోడు మాత్రం తప్పకుండా. ఒరిజినల్ సర్టిఫికెట్లు, యూనివర్సిటీ లెటర్, ఇన్సూరెన్స్ కాగితం, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉండాలి, పెట్టె రాకపోయినా బతకగలగాలి. బ్లాక్డ్ అకౌంట్ డబ్బు మొదటి నెలలో చేతికి అందడం ఆలస్యం అవుతుంది కాబట్టి కనీసం ఒక నెల ఖర్చు ఫోరెక్స్ కార్డులో వేయించుకో, కొంచెం నోట్లుగా కూడా.

ప్రశ్న: మా ఫ్లాట్‌లో నేను కాక ఇద్దరు జర్మన్ అబ్బాయిలు, ఒక వియత్నాం అమ్మాయి. నాలుగో రోజు సాంబారుకి పోపు పెట్టాను, ఎండుమిర్చి కొంచెం మాడింది. పొగ అలారం మోగింది, అందరూ దగ్గుకుంటూ బయటికొచ్చారు. ఆదివారం మిక్సీ వేస్తే కిందింటాయన పైకొచ్చి ఏదో అన్నాడు, అర్థం కాలేదు. ఇప్పుడు కిచెన్‌లోకి వెళ్లాలంటేనే సిగ్గుగా ఉంది, నాలుగు రోజులుగా బ్రెడ్ తింటున్నాను. అలారానికి కవర్ కట్టేస్తే సరిపోతుందని ఫ్రెండ్ అన్నాడు.
– పాడెర్‌బోర్న్

జవాబు: కవర్ మాత్రం కట్టకు బాబూ. ఆ అలారం నిజంగా మంట వచ్చిన రోజు నలుగురి ప్రాణాలు కాపాడేది. పోపుకి వేరే పద్ధతి ఉంది. ముందు కిటికీ బార్లా తెరువు, పైభాగం వంచి పెట్టడం కాదు, పూర్తిగా. కిచెన్ తలుపు మూసెయ్, అలారం సాధారణంగా కారిడార్‌లో ఉంటుంది. పొయ్యి మీద చిమ్నీ ఉంటే నూనె పోయకముందే వెయ్. గాజు పొయ్యి ఆపేసినా చాలాసేపు వేడి తగ్గదు, అది మన గ్యాస్ కాదు, అందుకే నీ మిర్చి మాడింది, ఆవాలు చిటపటలాడగానే గిన్నె పక్కకి తీసి ఆ వేడికే మిర్చి, ఇంగువ వెయ్. రెండు సార్లలో చెయ్యి తిరుగుతుంది.

కిందింటాయన అన్నది రూహెట్‌సైట్ గురించి అయ్యుంటుంది, అంటే మోతలు చేయకూడని వేళ. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు, ఆదివారం రోజంతా. మిక్సీ, డ్రిల్లింగ్, వాక్యూమ్ క్లీనర్ శనివారమే కానిచ్చెయ్యాలి. ఖాళీ సీసాలు కూడా ఆదివారం వీధి చివరి గాజు డబ్బాలో వేయకూడదు, గలగలమంటాయని. నవ్వొస్తుంది కానీ నిజం. అన్నట్టు వాటర్ బాటిల్, కోలా డబ్బా లాంటివి పారేయకు, ఒక్కోదానికి 25 సెంట్లు సూపర్ మార్కెట్ మెషిన్ తిరిగిస్తుంది, అది కొన్నప్పుడు నువ్వు కట్టిన డబ్బే.

ఇక సిగ్గు. ఈ శనివారం నిమ్మకాయ పులిహోర కలిపి నలుగురికీ పెట్టు, పొగ రాదు, కారం ఉండదు. మొన్నటిది సారీ అని ఒక్క మాట చెప్పు. ఇక్కడివాళ్లు మొహం మీదే చెప్పేస్తారు, చెప్పాక మర్చిపోతారు, మనలాగా మనసులో పెట్టుకుని మూడు నెలల తర్వాత తీయరు. కిందింటాయనకి ఇవ్వాలా? ఇస్తే మంచిదే, తీసుకోకపోయినా నొచ్చుకోకు.

ప్రశ్న: మేడమ్, ఎడ్యుకేషన్ లోన్ మీద వచ్చాను, మా ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. వచ్చి వారం కాలేదు, అప్పుడే నాన్న ఎప్పుడు పని మొదలుపెడతావని అడుగుతున్నారు. ఒక సీనియర్ తన డెలివరీ అకౌంట్ వాడుకో, డబ్బులో సగం ఇవ్వు అంటున్నాడు. చేతికి డబ్బిచ్చే హోటల్ ఒకటి ఉందట. ఏం చెయ్యను?
– జీగెన్ (సొంత ఊరు నల్గొండ)

జవాబు: రెండూ వద్దు. ఇంకొకరి అకౌంట్ మీద డెలివరీ చేస్తూ కారు గుద్దితే ఇన్సూరెన్స్ నీది కాదు, పేరు నీది కాదు, దొరికితే పోయేది మాత్రం నీ వీసా. సొంతంగా వ్యాపారం చేయడానికి స్టూడెంట్ వీసాలో విడిగా అనుమతి కావాలి, అది నీకు లేదు. హోటల్లో లెక్కలో లేకుండా చేతికిచ్చేవాడు నెలాఖరున ఇవ్వకపోతే నువ్వు ఎవరికి చెప్పుకుంటావు? నాతో పాటు వచ్చిన ఒకబ్బాయికి అలాగే రెండు నెలల జీతం ఎగ్గొట్టారు, పోలీసుల దగ్గరికి వెళ్లలేడు, ఇంట్లో చెప్పలేడు.

సక్రమంగా ఎంత వస్తుందో లెక్క వేద్దాం. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చిన విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు, 2024 మార్చికి ముందు ఇది 120, 240 ఉండేది. సగం రోజు అంటే నాలుగు గంటల దాకా. కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకు 13.90 యూరోలు. 280 సగం రోజులూ వదలకుండా చేస్తే 1,120 గంటలు, దాదాపు 15,500 యూరోలు, కోతలకు ముందు. కాగితం మీద బాగానే ఉంది, కానీ అలా ఏడాదంతా చేస్తే పరీక్షలు పోతాయి, సెమిస్టర్లు పెరుగుతాయి, లోన్ వడ్డీ దాంతోపాటు పెరుగుతుంది. ఈ లెక్క మీ నాన్నకి చెప్పాలి. ఆయన తప్పుగా ఏమీ అడగలేదు, ఇల్లు తాకట్టు పెట్టిన మనిషికి భయం ఉండదా. కానీ ఆయనకి ఎవరో 'వెళ్లిన నెల నుంచే పంపుతారు' అని చెప్పి ఉంటారు, ఆ మాటని నువ్వే సరిదిద్దాలి, ఫోన్‌లో కాదు, కాగితం మీద లెక్క వేసి ఫోటో తీసి పంపు.

పని వెతుక్కునే వరస ఇది. ట్యాక్స్ నంబర్ వచ్చేదాకా భాష క్లాసుకి వెళ్లు, గోదాముల్లో పని దొరకడానికి కూడా కాస్త జర్మన్ కావాలి. తర్వాత చిన్న పని, నెలకు 603 యూరోల దాకా వచ్చే మినీజాబ్ అయితే చదువు దెబ్బతినదు. రెండో సెమిస్టర్‌లో ప్రొఫెసర్ల దగ్గర హివీ జాబ్ కోసం తిరుగు, లాబ్‌లోనో ట్యుటోరియల్‌లోనో సాయం చేసే పని, అది ఆ 140 రోజుల లెక్కలోకి రాదు, పైగా థీసిస్‌కి దారి అక్కడే దొరుకుతుంది. నాకు మొదటి ఉద్యోగం అలాంటి లాబ్‌లోంచే వచ్చింది.

ప్రశ్న: టైమ్‌టేబుల్‌లో పది గంటలని ఉంది, పదికి ఐదు నిమిషాల ముందే వెళ్లాను, హాల్లో ఒక్కరూ లేరు. క్లాసు రద్దయిందనుకుని వచ్చేశాను. రద్దు కాలేదట. ఏంటిది?
– కీల్

జవాబు: టైమ్ పక్కన సి.టి. అని రెండు అక్షరాలు ఉన్నాయేమో చూసుకో. ఉంటే పదింబావుకి మొదలు, పాతకాలం నుంచి వస్తున్న యూనివర్సిటీ పావుగంట అది. ఎస్.టి. అని ఉంటే ఠంచనుగా పదికే. క్లాసు అయిపోగానే అందరూ బల్లల మీద దబదబా కొడతారు, గొడవ అనుకుని కంగారుపడకు, అది ఇక్కడి చప్పట్లు. ఇంకోటి, మార్కులు 1.0 వస్తే సంబరం చేసుకో, 5.0 వస్తే ఫెయిల్, ఇంట్లో చెప్పేటప్పుడు ముందే వివరించు, మా నాన్న నాకు 1.3 వచ్చిందంటే రెండు రోజులు మాట్లాడలేదు. అలాగే క్లాసులో కూర్చున్నంత మాత్రాన పరీక్ష రాయనివ్వరు, పరీక్షకి విడిగా పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, గడువు దాటితే వచ్చే సెమిస్టరే.

ప్రశ్న: రిజిస్ట్రేషన్ అయిన కొన్ని రోజులకి ఏదో టీవీ, రేడియో ఫీజు కట్టమని ఉత్తరం వచ్చింది. మా దగ్గర టీవీ లేదు, రేడియో లేదు. మోసమా?
– ముగ్గురు రూమ్మేట్లు, కెమ్నిట్స్

జవాబు: మోసం కాదు, టీవీ లేకపోయినా కట్టాలి. నెలకు 18.36 యూరోలు, మనిషికి కాదు ఇంటికి. ముగ్గురిలో ఒకరు కట్టి, మిగతా ఇద్దరికీ వచ్చిన ఉత్తరాలకి ఆ కట్టేవాళ్ల ఫీజు ఖాతా నంబర్ రాసి జవాబు పంపితే చాలు. ఉత్తరం చించి పారేస్తే మాత్రం పాత నెలలతో కలిపి వస్తుంది.

ప్రశ్న: అడగడానికి మొహమాటంగా ఉంది. బాత్రూముల్లో నీళ్ల సదుపాయం ఉండదట కదా. చెంబు తీసుకెళ్లాలా?
– పేరు, ఊరు వద్దు

జవాబు: తీసుకెళ్లండి. ప్లాస్టిక్‌ది, తేలిగ్గా ఉంటుంది. మర్చిపోతే ఇక్కడ మొక్కలకి నీళ్లు పోసే చిన్న డబ్బా రెండు యూరోలకి కొనుక్కోవచ్చు, నేను పదిహేనేళ్లుగా అదే వాడుతున్నాను, మా ఇంట్లో మొక్కలు లేవు.